బొట్టు కింద ఎరుపు

పాసయ్యాను. ముందు ఈ మాట చెప్పేస్తే గానీ నాకు ఊపిరాడేలా లేదు. ఫైరింగ్ పరీక్ష పాసయ్యాను. ఇవాళ పొద్దున రేంజ్‌లో, ఎండ ఇంకా ముదరకముందే, మాకు తుపాకీ నేర్పే ఉస్తాద్ నా టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్ళి, వంగి చూసి, వెనక్కి వచ్చి, నా మొహం కూడా చూడకుండా "పాస్, నెక్స్ట్" అన్నాడు. అంతే. చప్పట్లు లేవు, షేక్‌హ్యాండ్ లేదు. నేను అక్కడే నిలబడిపోతే వెనకనున్న అమ్మాయి నా బెల్టు పట్టుకుని పక్కకి లాగింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అమ్మ వేలిముద్ర వేస్తుంది, నాన్న తన పేరు వరకు రాస్తాడు. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్ గదిలో ఉండి కోచింగ్ తీసుకుని, ఎస్సై సెలక్షన్‌లో వచ్చి, ఇక్కడ ట్రైనింగ్‌లో పరుగు, లా, డ్రిల్లు అన్నీ దాటాను. తుపాకీ ఒక్కటే మిగిలింది. మొదటిసారి అందులో తప్పాను. ఇవాళ్టిది రెండో అవకాశం. ఇది కూడా పోయుంటే నా బ్యాచ్ మొత్తం స్టార్లు పెట్టుకుని వెళ్ళిపోయేది, నేను పెట్టె సర్దుకుని వెనక బ్యాచ్‌లో కూర్చునేదాన్ని. అసలు కూర్చోనిస్తారో లేదో కూడా తెలియదు.

ఫోన్లు ఆఫీసు గదిలో తాళం వేసి ఉన్నాయి. సాయంత్రం రోల్‌కాల్ అయ్యాక ఇస్తారు. అప్పటిదాకా ఈ మాట కడుపులో పెట్టుకుని ఉండటం నా వల్ల కాదు. అందుకే మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఇంత సంతోషంలోనూ చేతులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడుతోంది. ఈ వణుకు ఇవాళ్టిది కాదు. డిగ్రీ రెండో ఏడాది దసరా నుంచీ నాతోనే ఉంది.

మాది పొదిలి అవతల మెట్ట ఊరు. వాన పడితే కంది, మిరప, పత్తి. పడకపోతే అప్పులు, వలసలు. నాన్న పెళ్ళికి ముందు నుంచీ ఒకే ఆసామి దగ్గర పాలేరు. అమ్మ కూడా ఆ ఆసామి చేలల్లోనే కూలికి వెళ్ళేది. ఆసామి చెడ్డవాడు కాదు. నేను గుంటూరు కాలేజీలో చేరిన రోజున బస్టాండు దాకా తన బండి మీద దించి, "బాగా చదువుకో, మావాడి లాగా మధ్యలో ఎగ్గొట్టమాక" అని చెప్పి వెళ్ళాడు. అది ముందే చెప్పాలి. జరిగింది చెడ్డతనం వల్ల జరగలేదు.

వాళ్ళింట్లో ఒక తుపాకీ ఉండేది. రెండు గొట్టాలది, వాళ్ళ నాన్న కాలం నాటిది, లైసెన్సు ఉన్నదే. కొండ మీంచి అడవిపందులు దిగి మొక్కజొన్న చేలు దున్నేస్తాయని దాన్ని ఉంచుకున్నారు. నిజానికి దానితో ఆయన పందిని కొట్టిన రోజు ఉందో లేదో నాకు తెలియదు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్లో అప్పగించేవాడు, అయ్యాక తెచ్చుకునేవాడు. దాన్ని మోసే పని నాన్నది. గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని ఆయన వెనక నడిచేవాడు. చిన్నప్పుడు నాకు అది మా నాన్న తుపాకీయే అనిపించేది.

దసరాకి వాళ్ళింట్లో ఆయుధపూజ పెద్దగా చేస్తారు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. ఇంట్లో పూజలూ బొట్లూ లేవు. అయినా ఆ రోజు అమ్మా నాన్నా వాళ్ళింటికి వెళ్ళాల్సిందే, పని ఉంటుంది కాబట్టి. ట్రాక్టర్ కడగాలి, కొడవళ్ళు, పారలు, గొడ్డళ్ళు తోమి ఆరబెట్టాలి, మందు కొట్టే తైవాన్ పంపులు కడిగి వరసగా పెట్టాలి. మధ్యాహ్నం అందరికీ అక్కడే భోజనం. మా పాస్టరమ్మగారు ఆ విషయం అడిగితే అమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది, "పని చేసి అన్నం తిని వస్తన్నానమ్మా, దణ్ణం పెట్టట్లా" అని.

ఆ ఏడాది సెలవులకి నేనూ వెళ్ళాను. కాలేజీలో ఖాకీ బట్టలు వేసుకుని పెరేడ్ చేసే కేడెట్లలో అప్పుడే చేరాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చిన్న రైఫిల్‌తో కాల్పించారు. కాల్చింది గుర్తు లేదు గానీ కాల్చే ముందు మా చేత వల్లె వేయించింది మాత్రం బాగా గుర్తుంది. ఏ తుపాకీ అయినా తూటా ఉన్నట్టే అనుకో. గొట్టాన్ని మనిషి వైపు తిప్పకు. కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. సేఫ్టీ ఉందని చెప్పి వీటిలో ఏ ఒక్కటీ మానకు, సేఫ్టీ కూడా ఒక ఇనప ముక్కే, అరుగుతుంది, జారుతుంది, మనం మర్చిపోతాం. పొడుగు తుపాకుల్లో కొన్నిటికి మెడ మీద చిన్న బొత్తాం లాంటిది ఉంటుందని, వెనక్కి లాగితే లాక్, ముందుకి తోస్తే కింద ఎర్రచుక్క బయటపడుతుందని, ఎరుపు కనపడితే అది పేలడానికి సిద్ధంగా ఉన్నట్టని కూడా ఆ రోజే చెప్పారు. బొమ్మ గీసి చూపించారు. మేం నోట్సు రాసుకుని టిఫిన్‌కి వెళ్ళిపోయాం.

వాకిట్లో నులక మంచం మీద కొత్త దుప్పటి పరిచి దాని మీద తుపాకీ పెట్టారు. చుట్టూ కొడవళ్ళు, కాటా, రెంచీలు. ఆసామి భార్య, ఆవిణ్ణి మేం అమ్మగారు అనేవాళ్ళం, ఒక్కొక్కదానికీ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ వస్తోంది. ట్రాక్టర్ బానెట్‌కి పెద్ద బొట్టు, పంపులకి బొట్టు, కొడవలి పిడికి బొట్టు. తుపాకీ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ పెట్టాలో చూసింది. గొట్టాల మీద పెడితే జారుతుంది, నూనె రాసి ఉంది. చెక్కకీ ఇనుముకీ మధ్య, మెడ మీద, బొటనవేలు ఆనే చోట కాస్త గరుగ్గా ఉంటుంది. అక్కడ పసుపు రాసి, దాని మీద కుంకుమ దిద్దింది. ఏటా అక్కడే పెడుతుందట. మనిషికి నుదురు ఎట్టాగో తుపాకీకి అది అట్టాగని ఆవిడ ఉద్దేశం.

నేను ప్లేట్లు కడుగుతూ చూశాను. మా ఇంట్లో బొట్టు లేదు కాబట్టేమో, ఆ ఎరుపు నాకు ముందు ఎరుపుగా కనిపించింది, తర్వాతే బొట్టుగా కనిపించింది. పసుపు అంచున, కుంకుమ అంటని చోట, గోరంత ఎరుపు ఇంకోటి ఉన్నట్టుంది. అది కుంకుమ రంగు కాదు. కొంచెం ముదురు. పెయింటు మెరిసినట్టు మెరిసింది. బొమ్మలో చూపించిన ఆ చుక్క కాదేమోలే అనుకున్నాను. కర్పూరం వెలిగించారు, గుమ్మడికాయ కొట్టారు, ట్రాక్టర్ చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి.

తర్వాత ఫోటో. ఆసామి తుపాకీ పట్టుకుని ట్రాక్టర్ పక్కన నిలబడాలని సరదా పడ్డాడు. మంచం మీంచి తీసుకుని ఇటు తిరిగాడు. ఆ తిరగడంలో రెండు గొట్టాలూ అమ్మని దాటి, అమ్మగారిని దాటి, ట్రాక్టర్ ముందు కూర్చుని బంతిపూల దండ సరిచేస్తున్న నాన్న దగ్గర ఆగాయి. ఎవరూ గమనించలేదు. ఎందుకు గమనిస్తారు, ఎన్నేళ్ళ నుంచో చూస్తున్న తుపాకీ అది. నేను మాత్రం ప్లేటు కడగడం ఆపి ఆ గొట్టాలనే చూస్తున్నాను.

ఆయన నన్ను చూసి నవ్వాడు. "ఏమ్మా, మీకు గుంటూరులో తుపాకులు కూడా నేర్పుతున్నారంట గదా. మీ నాన్న ఊరంతా చెప్పాడు."

"చిన్న రైఫిలండీ. పడుకుని కాల్చాలి."

"పడుకుని కాలిస్తే పందులు ఆగుతాయా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాలి. నవ్వు రాలేదు. ప్లేటు కింద పెట్టి ఆయన పక్కకి వెళ్ళాను. పాలేరు కూతురు ఆసామికి చెప్పే మాట కాదది, అదీ పండగ రోజు, అదీ ఆయన వాకిట్లో. చివరికి, "అయ్యగారూ, అది కాస్త కిందికి దించండి, నాన్న అటే ఉన్నాడు" అన్నాను.

"లాక్ వేసుందమ్మా. లాక్ వేశాక అది ఉత్త కర్ర."

"ఎర్రచుక్క కనపడతంది గదండీ."

"అది మా ఆవిడ పెట్టిన బొట్టు. బొట్టుక్కూడా భయపడితే ఎట్టా, పోలీసమ్మా?"

అప్పటికి నేను పోలీసు కావాలని అనుకోలేదు కూడా. ఖాకీ సంగతి విని ఆయనే ఆ పేరు పెట్టాడు. నాన్న పూలదండ వదలకుండానే నా వైపు చూసి, "ఊరుకో మే, పండగ పూట" అన్నాడు మెల్లగా. సిగ్గుపడ్డాడు. నేను ఆయన పరువు తీస్తున్నానని అనుకున్నాడు.

ఆసామికి కోపం రాలేదు. కోపం వచ్చి లోపలికి వెళ్ళిపోయినా బాగుండేది. ఆయనకి నా భయం తీర్చాలని ముచ్చటేసింది. చిన్నపిల్లకి కుక్క కరవదని చూపించడానికి దాని నోట్లో చెయ్యి పెడతారే, అట్టా. "ఇటు చూడు, నొక్కి చూపిస్తా. లాక్ ఉంటే నొక్కినా పేలదు" అని వేలు లోపలికి పోనిచ్చాడు.

లాక్ పని చేస్తుందని చూపించడానికి ట్రిగ్గర్ నొక్కకూడదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని ఎవరూ అనుకుని ఉండరు.

నేను ఆలోచించలేదు. అరచేత్తో గొట్టాలని కిందికి తోశాను. ఎంత గట్టిగా తోశానో తెలియదు. శబ్దం చెవుల్లోంచి రాలేదు, రొమ్ములోంచి వచ్చినట్టుంది. నాన్నకి ఎడమ పక్కన పెట్టిన పంపు ఎగిరి బోర్లా పడింది. దాని ట్యాంకు నుంచి నీళ్ళు సన్న సన్న దారాలుగా కారుతున్నాయి. అందులో మందు లేదు, పొద్దున నాన్నే కడిగి మంచినీళ్ళు పోశాడు. నాన్న బంతిపూల మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. రెండు చేతులతో ఎడమ చెవి మూసుకున్నాడు.

భయం అంటే అప్పటిదాకా పరీక్షల భయం, పాము భయం, చీకటి భయం తెలుసు. ఇది వేరు. పేలాక వచ్చింది ఇది. ఎందుకంటే అది రెండు గొట్టాల తుపాకీ. ఒకటే పేలింది. ఆసామి రాయి లాగా నిలబడిపోయాడు. ఆయన వేలు లోపలే ఉంది. గొట్టాలు మళ్ళీ మెల్లగా పైకి లేస్తున్నాయి, ఆయనకి తెలియకుండానే. అమ్మ నాన్న పేరు పెట్టి అరుస్తూ సరిగ్గా వాటి ముందు నుంచి పరిగెత్తింది.

"వేలు తియ్యండి," అన్నాను. ఆయనకి వినపడలేదు. మా ఎవరికీ సరిగా వినపడట్లేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని చెవి దగ్గర అరిచాను. "అయ్యగారూ, ముందు వేలు బయటికి తీ."

ఆ రోజు మొదటిసారి, చివరిసారి, ఆయన్ని ఏకవచనంలో పిలిచాను. ఆయన వేలు తీశాడు. చిన్నపిల్లాడిలా నా వైపు చూస్తూ తీశాడు. గొట్టాలు నేల వైపు పెట్టించి, పక్కనున్న మట్టి కుప్ప దాకా ఇద్దరం అట్టాగే నడిచాం. తెరవడం నాకు రాదు. ఆయన చెప్పాడు, ఆ మీట పక్కకి తొయ్యాలని. తోశాను. తుపాకీ మధ్యకి విరిగినట్టు తెరుచుకుంది. రెండు తూటాలు. ఒకటి ఖాళీ, పొగ వస్తోంది. ఇంకోటి నిండుగా, వెనక ఇత్తడి నున్నగా, ఏమీ జరగనట్టు ఉంది. రెండిటినీ తీసి చున్నీ కొంగులో కట్టాను.

అప్పుడు బొటనవేలితో ఆ కుంకుమ తుడిచాను. పసుపు కూడా తుడిచాను. దాని కింద ఇంకో ఎరుపు ఉంది. అది తుడిస్తే పోలేదు.

తర్వాత తెలిసింది. ముందు రోజు ఆసామి పందుల కోసం చేలో కాపలాకి వెళ్ళాడు. పొద మెదిలిందని లాక్ ముందుకి తోశాడు. అది పక్కూరివాళ్ళ గేదె. కాల్చలేదు. తెచ్చి మూలన పెట్టాడు. లాక్ వెనక్కి లాగడం, తూటాలు తీయడం రెండూ మర్చిపోయాడు. ఇంట్లో వాళ్ళకి అది ఎలక్షన్లప్పుడు స్టేషన్ నుంచి ఖాళీగా వచ్చిన తుపాకీయే. పూజ రోజు దాని మీద ఎరుపు ఉండటం అందరికీ మామూలే. చుక్కని దాచాలని ఎవరూ బొట్టు పెట్టలేదు. ఆ రోజు ఎర్రగా లేని వస్తువు ఆ వాకిట్లో లేదు, అంతే.

నాన్న ఒంటికి తూటాలోని గుళ్ళు ఒక్కటీ తగల్లేదు, దేవుడి దయ. చెవి మాత్రం పోయింది. ఒంగోలు తీసుకెళ్ళి చూపించారు, ఆసామే తీసుకెళ్ళాడు. కొంచెం వస్తుందేమో అన్నారు, రాలేదు. ఆసామి మర్నాడే తుపాకీని స్టేషన్‌కి తీసుకెళ్ళి జరిగింది చెప్పి అప్పగించాడు. మళ్ళీ తెచ్చుకోలేదు. నాన్నతో క్షమించమనే మాట ఆయన నోటి నుంచి రావడం నేను వినలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు నాన్నకి కుడి పక్కనే నడిచేవాడు, మాట వినపడటానికి. ముందెప్పుడూ నాన్న ఆయన వెనక నడిచేవాడు.

గుంటూరుకి తిరిగి వెళ్ళే ముందు అమ్మగారు నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపింది. పమిటతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. చివరికి అడిగింది, "నా బొట్టు వల్లేనా అమ్మా?"

"కాదండీ. తూటాలు తీయకపోవడం వల్ల."

నిజమే చెప్పాను. అయినా ఆవిడ నమ్మినట్టు లేదు.

హాస్టల్లో తలుపు దబ్బున పడితే నేను మంచం కిందికి వంగేదాన్ని. దీపావళికి చెవుల్లో దూది పెట్టుకుని దుప్పటి కప్పుకున్నాను. కుక్కర్ విజిల్‌కి కూడా చెయ్యి ముందుకి వెళ్ళిపోయేది, ఏదో తోస్తున్నట్టు. ఇట్టాంటిదాన్ని ఎస్సై కోచింగ్‌లో ఎందుకు చేరానంటే, ఉద్యోగం కావాలి కాబట్టి. మా లాంటి ఇంట్లో భయాన్ని చూసుకుని ఉద్యోగం ఎంచుకోరు. తుపాకీ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను. తర్వాత వచ్చింది.

ఇక్కడ రేంజ్‌లో మొదటిసారి ఫెయిలయింది గురి తప్పి కాదు. నేను కాల్చనేలేదు. రైఫిల్ చేతికి ఇవ్వగానే తూటాలుండే మేగజైన్ తీసి చూశాను, తూటా కూర్చునే చాంబర్ చూశాను, సేఫ్టీ లివర్ చూశాను. మంచిదే. మళ్ళీ చూశాను. పడుకున్నాక మళ్ళీ చూశాను. మేగజైన్ ఎక్కించమని ఆర్డర్ వచ్చాక కూడా లివర్ ఎటుందో వేలితో తడుముతూ ఉన్నాను. అటూ ఇటూ ఉన్న రైఫిళ్ళు మోగడం మొదలెట్టగానే నాకు బంతిపూల వాసన వచ్చింది. టైమ్ అయిపోయింది. నా టార్గెట్ మీద ఒక్క చిల్లు లేదు. ఉస్తాద్ తిట్టలేదు. పక్కకి పిలిచి, ఎందుకని అడిగాడు. మర్నాడు చెప్పాను, మొత్తం.

ఉస్తాద్ ఇక్కడే పుట్టి పెరిగినా డ్రిల్ ఆర్డర్లు హిందీలో ఇచ్చీ ఇచ్చీ తెలుగు కూడా ఆర్డర్ లాగే మాట్లాడతాడు. అంతా విని, "ఆ రోజు నువ్వు ఎన్నిసార్లు చూశావు లాక్‌ని?" అని అడిగాడు. ఒక్కసారే సార్ అన్నాను. "గొట్టాన్ని?" దాని మీంచి కన్ను తీయలేదన్నాను. "మరిక్కడ లాక్‌ని ఎందుకు పట్టుకుని కూర్చున్నావు? లాక్ ఉన్నది నువ్వు తప్పు చేస్తే ఆదుకోడానికి. నువ్వు చేయాల్సిన పని అది చెయ్యదు. ఒక్కసారి చూడు, సరిగా చూడు, తర్వాత గొట్టాన్ని చూసుకో." అంతే, వెళ్ళిపోయాడు. వినడానికి బాగానే ఉంది. చెయ్యి వింటేగా.

ఇవాళ పొద్దున నా పక్క జాగాలో వేటపాలెం అమ్మాయి. వాళ్ళమ్మ జీడిపప్పు కొట్టే పనికి వెళుతుంది. జీడిరసం అంటి వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉంటాయట. ఈ అమ్మాయిదీ రెండో అవకాశమే. మేమిద్దరం రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆ పిల్ల నాకంటే ధైర్యస్తురాలు, గురి కుదరక తప్పింది. "నువ్వు కాలిస్తే చాలు, నేను కొడితే చాలు" అని పొద్దున లారీలో నాతో జోకు వేసింది.

పడుకున్నాం. మేగజైన్ తీసి చూశాను, చాంబర్ చూశాను, లివర్ చూశాను. మళ్ళీ చూడాలనిపించింది. పళ్ళు బిగపట్టి ఆగాను. ఆర్డర్ వచ్చింది. పక్క నుంచి మోగడం మొదలైంది. నా వేలు ఇంకా బయటే ఉంది, చెక్క పక్కన చాచి. బంతిపూల వాసన వస్తుందని ఎదురుచూస్తున్నాను. ఇంతలో నా కుడి పక్క ఖాళీగా 'టిక్' మంది. వేటపాలెం అమ్మాయి రైఫిల్. లోపల పిన్ను తూటాని కొట్టింది, తూటా పేలలేదు.

అట్టాంటప్పుడు ఏం చేయాలో మాకు అందరికీ చెప్పారు. కదలకూడదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, చెయ్యెత్తి, ఆగాలి. లోపల తూటా చచ్చిందో, ఆలస్యంగా అంటుకుంటుందో పైనుంచి తెలియదు. సేఫ్టీ వేసినా లాభం లేదు. అది ట్రిగ్గర్‌ని ఆపుతుంది, అప్పటికే దెబ్బ తిన్న తూటాని ఆపలేదు. ఇదంతా ఆ పిల్లకీ తెలుసు. కానీ రెండో అవకాశం, తూటా వృథా అయింది, టైమ్ పోతోంది. లివర్ సేఫ్‌కి తోసి, మోచేతుల మీద లేచి, ఉస్తాద్‌కి చూపించడానికి రైఫిల్‌తో సహా నా వైపు తిరగబోయింది. "సార్, పేల్లేదు సార్, సేఫ్ పెట్టా" అంటోంది.

గొట్టం రావడం చూశాను. అంత మెల్లగా వచ్చినట్టు అనిపించింది. నా రైఫిల్ అట్టాగే నేల మీద ముందుకి పెట్టి వదిలేసి, కుడి చెయ్యి చాచి ఆ పిల్ల రైఫిల్ గొట్టాన్ని టార్గెట్ వైపుకి నెట్టి పట్టుకున్నాను.

"వేలు తియ్. ముందుకే ఉంచు. కదలమాక."

ఎంత నెమ్మదిగా అన్నానో నాకే ఆశ్చర్యం. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. వేలు తీసింది. అందరినీ ఆపమని కేక వినపడింది. రేంజ్ అంతా నిశ్శబ్దం. ఉస్తాద్ వెనక నుంచి వచ్చి ఇద్దరి మధ్యా బోర్లా పడుకున్నాడు. మేం ముగ్గురం ఆ గొట్టం వైపే చూస్తూ ఆగాం. నా అరచెయ్యి ఇంకా ఇనుము మీదే ఉంది. వేడిగా ఉంది, దసరా నాడు ఉన్నంత కాదు. గుండె నేలకి కొట్టుకుంటోంది, ఇసక కదులుతున్నట్టు తెలుస్తోంది. పేలుతుందేమో. ఇప్పుడు పేలుతుందేమో. చివరికి ఉస్తాద్ దాన్ని తెరిచాడు. తూటా బయటికి దూకింది. వెనక ఇత్తడి మీద చిన్న గుంట పడి ఉంది. చచ్చిన తూటా. ఆ రోజు కొంగులో కట్టిన నిండు తూటాకి ఆ గుంట లేదు.

ఆ అమ్మాయి ఏడుస్తోంది, నోరు మూసుకుని. ఉస్తాద్ దానికి ఇంకో తూటా ఇచ్చాడు. తిరిగినందుకు తర్వాత మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా, అది ఇక్కడ రాయను. నా వైపు తిరిగి, "నీ రైఫిల్ యాడుంది?" అన్నాడు. ముందే ఉంది సార్, గొట్టం టార్గెట్ వైపే, వేలు బయటే అన్నాను. "మరి కాల్చు."

కాల్చాను. భయం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. ప్రతి చప్పుడుకీ నాన్న పక్కకి ఒరుగుతూనే ఉన్నాడు. కానీ నా గొట్టం ముందు నాన్న లేడు, అమ్మ లేదు, ఎవరూ లేరు, మట్టిదిబ్బ ఉంది. అది నేను చూసుకున్నాను, ఇందాకే, స్వయంగా. ఆ ఒక్క సంగతి చాలింది వేలు కదలడానికి. చిల్లులన్నీ ఒకచోట పడలేదు, ఉస్తాద్ మెచ్చుకునేంతేమీ కాదు. పాసయ్యేంత పడ్డాయి.

వేటపాలెం అమ్మాయి కూడా కొట్టింది. పాసైంది. ఇప్పుడు నా పక్క మంచం మీద బూట్లతోనే నిద్రపోతోంది.

రోల్‌కాల్‌కి విజిల్ వేశారు. విజిల్‌కి ఉలిక్కిపడ్డాను, మామూలే. ఫోన్ చేతికి రాగానే చేయాల్సిన వాళ్ళు:

అమ్మ. ముందు అమ్మకే. నాన్నకి ఇచ్చేటప్పుడు ఫోన్ కుడి చెవికి పెట్టమని చెప్పాలి. ఆయన ఎడమ చెవికి పెట్టుకుని "ఏందీ, ఏందీ" అంటూ ఉంటే నేను ఏడ్చేస్తాను.

నాన్న. పాసయ్యానని మాత్రమే. వేటపాలెం అమ్మాయి సంగతి ఫోన్లో చెప్పను. పక్కన కూర్చున్నప్పుడు చెబుతాను, కుడి పక్కన.

పాస్టరమ్మగారు. ఉపవాసం ఆపమనాలి, నా కోసం మొదలెట్టిందట.

బ్రాడీపేట హాస్టల్ వంటామె. నేను ఉన్నన్నాళ్ళూ కుక్కర్ పెట్టే ముందు "విజిల్ వస్తది అమ్మాయ్" అని కేకేసి చెప్పేది.

వేటపాలెంలో ఈ పిల్ల వాళ్ళమ్మ. నిద్ర లేవకపోతే నేనే చేస్తాను. పాసైందని ఒక్క ముక్క. మిగతాది తనే చెప్పుకుంటుంది.

ఆసామి. "పోలీసమ్మా" అంటాడు. ఈసారి నవ్వుతాను.

అమ్మగారు. ఆయన్నే ఫోన్ ఆవిడకి ఇమ్మనాలి. మొన్న దసరాకి ట్రాక్టర్‌కి తప్ప దేనికీ బొట్టు పెట్టలేదని అమ్మ చెప్పింది. కొడవళ్ళకి పెట్టుకోమనాలి, పంపులకి పెట్టుకోమనాలి. ఆవిడ వల్ల కాదని ఇంకోసారి చెప్పాలి, ఈసారి నమ్మేదాకా.